“వందేళ్ల వాన వచ్చి వెళ్లిపోయింది, ఇక భయం లేదు” అన్న బిల్డర్ మాట నమ్మొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా: హైదరాబాద్‌లో నాగోల్ వైపు నాలాకు దగ్గర్లో ఒక ఫ్లాట్ చూశారు, ఫస్ట్ ఫ్లోర్. 2020 అక్టోబరులో ఆ వీధిలో నడుములోతు నీళ్లు నిలిచాయని ఎవరో చెప్పారు. బిల్డర్‌ని అడిగితే “అది వందేళ్లకోసారి వచ్చే వాన సార్, వచ్చి వెళ్లిపోయింది, మళ్లీ మీ మనవల కాలానికే” అన్నాడు. ఈ ‘వందేళ్లకోసారి’ అనే లెక్క ఎవరు వేస్తారు, ఎలా వేస్తారు, ఎంతవరకు నమ్మాలి, కొనాలా వద్దా.

ముందు సూటిగా చెప్పేస్తాను. నమ్మొద్దు. ఆ లెక్క దొంగలెక్క అని కాదు, మంచి లెక్కే. కానీ అది చెప్పేదానికి, బిల్డర్ చెప్పినదానికి సంబంధం లేదు. కొనాలా వద్దా అనేది ఆ లెక్క కంటే ఎక్కువగా ఆ వీధి ఎంత పల్లంలో ఉంది, సెల్లార్‌లో ఏమేం పెట్టారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. అది చివర్లో చెప్తాను.

నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. చెరువు అలుగులు, కల్వర్టులు, చిన్న డ్యాముల గేట్లు ఎంత వరదకు కట్టాలి అన్న లెక్కలు వేసి ఇవ్వడం మా పని. అందులో సగం రోజులు మోడల్ నడపడం కాదు, పాత వర్షపాతం రిజిస్టర్లలో పెన్సిల్ అంకె 1 ఆ 7 ఆ అని కళ్లు చించుకోవడం.

‘వందేళ్ల వాన’ అంటే మా భాషలో ఒకటే అర్థం. ఒక చోట, ఏ సంవత్సరం తీసుకున్నా, అంత వాన లేదా అంతకంటే పెద్ద వాన పడే అవకాశం నూటికి ఒకటి. అంతే. వంతులవారీగా వస్తుందని కాదు, నిన్న వచ్చింది కాబట్టి మళ్లీ తొంభై తొమ్మిదేళ్లు సెలవు అనీ కాదు. చిన్నప్పుడు అష్టాచమ్మా ఆడే ఉంటారు. గవ్వలు సమంగా పడతాయనుకుంటే నాలుగు గవ్వలకి అష్టా పదహారుసార్లకు ఒకసారి పడాలి. ఇప్పుడే అష్టా పడింది కాబట్టి ఇంకో పదిహేను పందేల దాకా పడదు అని ఎవరైనా అంటే పక్కనున్న మేనత్త కూడా నవ్వుతుంది, గవ్వలకి నిన్నటి ఆట గుర్తుండదు కదా. వానకూ చాలావరకు అంతే (‘చాలావరకు’ ఎందుకన్నానో కింద చెప్తాను, అది ఇంకా మనకు ఇబ్బందికరమైన విషయం).

మీ హోమ్ లోన్ 20 ఏళ్లు అనుకుందాం. ఏటా నూటికి ఒకటి అంటే, ఆ 20 ఏళ్లలో కనీసం ఒక్కసారైనా వచ్చే అవకాశం 18 శాతం. 30 ఏళ్లుంటే 26 శాతం. 50 ఏళ్లకి దాదాపు 40. సరిగ్గా వందేళ్లు చూసినా 63 శాతమే, అంటే వందేళ్ల వాన వందేళ్లలో అసలు రాకుండా పోయే అవకాశం కూడా మూడో వంతుకు పైనే ఉంది. కావాలంటే ఫోన్‌లో 0.99ని ఇరవైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేయండి, ఇందులో దాపరికం ఏమీ లేదు. లోన్ తీరేలోపు ఇల్లు మునిగే అవకాశం ఆరింట ఒకటి అని చెప్తే ఎవరూ కొనరు, వందేళ్లకోసారి అని చెప్తే కొంటారు. రెండూ ఒకే అంకె!

ఇంకో సంగతి. 2020ని ‘వందేళ్ల వాన’ అన్నది ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఆ అక్టోబరు 13 పొద్దున్నుంచి 14 పొద్దున దాకా బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్లు పడింది. *అక్టోబరు నెలకు* అది వందేళ్లకు పైగా ఉన్న రికార్డు, అంతకుముందు అక్టోబరు రికార్డు 1903లోది, 11.7 సెంటీమీటర్లు. వార్తల్లో ‘అక్టోబరులో వందేళ్ల తర్వాత’ అని వచ్చింది. నోళ్లలో నలిగి నలిగి ‘అక్టోబరులో’ రాలిపోయి ‘వందేళ్ల వాన’ మిగిలింది. అదే బేగంపేటలో 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్లు పడింది, అంటే 2020 కంటే పెద్దది, ఇరవై ఏళ్ల ముందే. అప్పట్లో హుస్సేన్‌సాగర్ కింది బస్తీల్లో ఉన్నవాళ్లెవరైనా చెప్తారు.

మరి మేం ఎలా లెక్కేస్తాం? ఒక వర్షమాపకం తీసుకుంటాం. ప్రతి సంవత్సరం ఒకే ఒక్క రోజు, ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ వాన పడిన రోజు, ఆ అంకె మాత్రం రాసుకుంటాం. యాభై ఏళ్ల రికార్డు ఉంటే యాభై అంకెలు. మామూలు రోజుల వానతో పని లేదు, మామూలు వానల సగటు పట్టుకుని విపరీతాల గురించి మాట్లాడడమే ఈ రంగంలో మొట్టమొదటి తప్పు. ఇలా ఏడాది గరిష్ఠాలే తీసుకుంటే అవి ఎలాంటి వంపులో (ఎంత వాన ఎంత అరుదో చూపే గీతలో) పడతాయో 1928లో ఫిషర్, టిప్పెట్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు చూపించారు, తర్వాత గంబెల్ అనే ఇంకో గణాంక శాస్త్రవేత్త దాన్ని వరదల లెక్కలకు బాగా వాడుకలోకి తెచ్చాడు. మొత్తం మీద మూడు రకాలు. ఒకటి, ఎంత పోయినా ఒక హద్దు దాటదు. రెండోది, హద్దు లేదు గానీ పైకి పోయేకొద్దీ చాలా త్వరగా పలచబడుతుంది, దీన్నే గంబెల్ వంపు అంటాం. మూడోది, పలచబడడానికి మొరాయిస్తుంది, అంటే మరీ పెద్ద వానల అవకాశం అంత త్వరగా తగ్గదు. దాన్ని బరువు తోక అంటాం, మాకు నిద్ర లేకుండా చేసేది ఇదే.

బరువు తోక అంటే ఏమిటో మన రాష్ట్రంలోనే చూడొచ్చు. 2013 జూలైలో వాజేడులో ఒక్క రోజులో 51.75 సెంటీమీటర్లు పడింది, అప్పటికి తెలంగాణలో అది రికార్డు. ఇంతకంటే ఏం పడుతుందిలే అనుకున్నారు. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 64.98 సెంటీమీటర్లు పడింది. పరుగు పందెంలో లాగా పాత రికార్డు వెంట్రుకవాసిలో బద్దలవడం కాదు, ఏకంగా 13 సెంటీమీటర్లు మీదకెక్కి కూర్చుంది. హైదరాబాద్‌లో ఒక రోజులో 13 పడితేనే మనం ఆఫీసు నుంచి ఇంటికి చేరం.

ఇక్కడ నా సొంత కేసు ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది నా బుర్రలో లెక్కను శాశ్వతంగా మార్చేసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఊరి చెరువుకు అలుగు డిజైన్. దగ్గర్లోని వర్షమాపకంలో 38 ఏళ్ల రికార్డు ఉంది. ఏడాది గరిష్ఠాల సగటు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అటూ ఇటూ మూడు సెంటీమీటర్ల తేడా. గంబెల్ వంపు గీస్తే వందేళ్ల వాన 18 సెంటీమీటర్లు అని వచ్చింది. రిపోర్టు నీట్‌గా బైండ్ చేసి ఇచ్చాం. మరుసటి వానాకాలం అదే వర్షమాపకంలో ఒక్క రాత్రి 24 సెంటీమీటర్లు.

నా పాత వంపు ప్రకారం 24 అంటే 1,300 ఏళ్లకోసారి పడాల్సిన వాన. సరే, ఆ అంకెను కూడా పట్టికలో కలిపి, 39 ఏళ్లతో మళ్లీ అదే పద్ధతిలో లెక్కేశాను. ఇప్పుడు అదే 24 సెంటీమీటర్లు 270 ఏళ్లకోసారి అని వచ్చింది. వందేళ్ల వాన 18 నుంచి 21కి జరిగింది. ఆకాశం మారలేదు, ఊరు మారలేదు, పట్టికలో ఒక్క వరస పెరిగిందంతే. అప్పటిదాకా ‘1,300 ఏళ్లు’ అన్నది ప్రకృతి గురించి చెప్పే మాట అనుకున్నాను, కాదు, అది నా పట్టిక ఎంత చిన్నదో చెప్పే మాట.

అప్పటి నుంచి ఒక్క అంకె ఇవ్వడం మానేశాను. పద్ధతి చెప్తే మీకే తెలుస్తుంది. ఆ 39 అంకెలూ చిట్టీల మీద రాసి డబ్బాలో వేయండి. ఒకటి తీసి, రాసుకుని, మళ్లీ డబ్బాలో వేసేయండి. అలా 39 సార్లు. కొన్ని ఏళ్లు రెండుసార్లు వస్తాయి, కొన్ని అసలు రావు. ఆ కొత్త పట్టికతో వందేళ్ల వాన లెక్కేయండి. ఇదంతా వెయ్యిసార్లు చేయండి (కంప్యూటర్ రెండు సెకన్లలో చేస్తుంది, కంగారు పడకండి). నా ఊరికి దాదాపు 16 నుంచి 26 సెంటీమీటర్ల దాకా వచ్చింది. నిజమైన జవాబు ఆ రేంజ్, 21 అనేది దాని మధ్యలో పెట్టిన చుక్క. రిపోర్టు తీసుకున్నవాళ్లు మాత్రం “ఇదంతా ఎందుకండీ, ఒక నంబర్ చెప్పండి” అన్నారు, రేంజ్ ఉన్న పేజీ ఫైల్లోంచి మాయమైంది. ఇది నా ఒక్కడికి జరిగింది కాదు, ఈ పని చేసే ఎవరినైనా కదిపి చూడండి.

ఎవరైనా ‘వందేళ్లకోసారి’ అంటే మీరు అడగాల్సినవి మూడు: ఏ చోట, ఎంతసేపటి వాన, ఎన్నేళ్ల రికార్డు.

చోటు సంగతి చూడండి. 2020లో అదే రాత్రి బేగంపేటలో 19 అయితే ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్లు. పాతిక కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. మీ నాగోల్ ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంది. బేగంపేట లెక్క తెచ్చి మీకు అమ్మితే ఎలా? ఇంకోటి, తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వర్షమాపకాలున్నాయి. ఒక్కోదానికి ఏటా నూటికి ఒకటి అవకాశం ఉంటే, సగటున ఏటా ఒక పది చోట్ల ‘వందేళ్ల వాన’ పడాలి. పక్కపక్క ఊళ్లలో ఒకే మేఘం కురుస్తుంది కాబట్టి ఒక ఏడాది ఇరవై చోట్ల, ఇంకో ఏడాది సున్నా ఉండొచ్చు. ప్రతి వానాకాలం ఎక్కడో ఒకచోట వందేళ్ల వాన అని టీవీలో వస్తుంటే కొందరు “ఈ సైంటిస్టులకి లెక్కలు రావు” అంటారు. లెక్క ప్రకారమే వస్తోంది మహాప్రభో.

ఎంతసేపు అన్నది మీ వీధికి ఇంకా ముఖ్యం. పది సెంటీమీటర్లు రోజంతా ముసురులా పడితే నాలా మోసేస్తుంది, అదే గంటన్నరలో కుమ్మరిస్తే మ్యాన్‌హోల్ మూతలు లేస్తాయి. పాత రికార్డులు చాలావరకు రోజుకో రీడింగే, అదీ పొద్దున ఎనిమిదిన్నరకి. తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం దాకా దంచిన వాన రెండు రోజుల ఖాతాల్లో చెరి సగం పడుతుంది, 21 పడినా పుస్తకంలో 11, 10 అని కనిపిస్తుంది. అందుకే రోజువారీ అంకెలకు సగటున 13 శాతం కలపడం మాకు అలవాటు. సగటు కదా, ఒక్కో వానకు అది ఎంత తప్పో దేవుడికే తెలుసు. పైగా రిజిస్టర్‌లో ఖాళీలు ఎప్పుడు కనిపిస్తాయో తెలుసా, సరిగ్గా పెద్ద వాన రోజుల్లోనే. వర్షమాపకం నీళ్లలో మునిగిపోయి ఉంటుంది, లేదా చూడాల్సిన మనిషి ఇంట్లోకి నీళ్లొచ్చి ఉంటాయి.

రికార్డు పొడవు గురించి: మన ఊరికి ఒక అదృష్టం ఉంది, అదృష్టం అనొచ్చో లేదో. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద. పదిహేను వేల మంది పోయారంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెప్పుకునే కథ ఆ రోజుదే. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది, ఆయన సలహాతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అప్పుడు శంషాబాద్‌లో ఇరవై నాలుగు గంటల్లో 12.8 అంగుళాలు కొలిచారు, అంటే 32 సెంటీమీటర్ల పైచిలుకు. ఘట్‌కేసర్ 2020 అంకె పక్కన పెట్టి చూడండి, నాకు మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. నగరం చుట్టుపక్కల 112 ఏళ్లలో రెండుసార్లు 32. మోడల్ లేకుండానే ఇది మీకు ఏదో చెప్తోంది. మా పట్టిక 1960లో మొదలైతే 1908 అందులో ఉండదు, కాబట్టి గోడల మీద రాళ్ల మీద చెక్కిన వరద గుర్తులు, పాత దస్తావేజులు పట్టుకొచ్చి పట్టికకు జత చేసే పద్ధతులు కూడా ఉన్నాయి. అవి చేర్చితే చాలాసార్లు అంకె పైకే పోతుంది.

ఇప్పటిదాకా వాన గురించే మాట్లాడాను. కానీ మీ ఇంట్లోకి వచ్చేది వాన కాదు, వరద. ఈ రెండింటి మధ్య బోలెడు ఉంది. 1908లో మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైది తెగితే కిందిదాని మీద పడుతుంది, అది తెగితే దాని కిందిదాని మీద. 2020లోనూ పల్లె చెరువు, తర్వాత నాలుగు రోజులకి గుర్రం చెరువు గండ్లు పడి కింది కాలనీలు మునిగాయి. వాన లెక్క వేసే మోడల్‌కి కట్ట బలహీనంగా ఉందని తెలీదు, నాలా మీద ఎవరో స్లాబ్ వేసి షాపు కట్టారనీ తెలీదు. పదేళ్ల వానకే వందేళ్ల వరద రావొచ్చు. నేను చూసిన ముంపుల్లో ఎక్కువ ఇలాంటివే.

పెద్ద కట్టడాలకూ ఈ బాధ తప్పలేదు. శ్రీశైలం గేట్లు 19 లక్షల క్యూసెక్కుల వరదకు లెక్కేసి కట్టారు, 2009 అక్టోబరు మొదటి వారంలో దాదాపు 25 లక్షలు వచ్చింది. డ్యాం నిలబడింది గానీ కర్నూలు మునిగింది.

పైన ‘చాలావరకు’ అన్నాను కదా. గవ్వలు ఎప్పుడూ అవే గవ్వలు అనుకుంటేనే ఆ లెక్కలన్నీ. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, ఆ తేమ ఎప్పుడో ఒకప్పుడు ఒక్కసారిగా దిగుతుంది. పైగా 1970లో మీ నాలా పరీవాహకమంతా పొలాలు, ఇప్పుడు కాంక్రీటు, నీళ్లు ఇంకడానికి నేల లేదు. అందుకని 1970 అంకెనీ 2020 అంకెనీ ఒకే డబ్బాలో వేసి చిట్టీలు తీయడం తప్పే. దీనికి వంపే ఏడాదికేడాది జరిగేలా మోడల్ రాయొచ్చు, రాస్తున్నాం కూడా, కానీ నిజం చెప్పాలంటే యాభై అంకెల్లోంచి వంపు ఆకారమూ, అది ఏటా ఎంత జరుగుతోందో కూడా తీయమంటే చెరకు పిప్పిని మళ్లీ గానుగలో పెట్టినట్టే. రేంజ్ ఇంకా వెడల్పవుతుంది. వెడల్పవడం మోడల్ లోపం కాదు, మనకు తెలిసింది అంతే.

భూకంపాల గురించి కూడా చివర్లో ఒక లైన్ అడిగారు. అక్కడ సూత్రం వేరు, స్థూలంగా తీవ్రత ఒక అంకె పెరిగితే సంఖ్య పదో వంతుకు తగ్గుతుంది, చిన్నవాటిని లెక్కపెట్టి పెద్దవాటి అవకాశం అంచనా వేస్తారు. కానీ 1993లో మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి వేలమంది పోయినప్పుడు ఆ ప్రాంతం అప్పటి మ్యాపులో అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న జోన్‌లో ఉంది. మ్యాపు తర్వాత మార్చారు. నా పట్టికలో 39వ వరసలాగే.

సరే, ఫ్లాట్. నేనైతే ఏం చేస్తానో చెప్తాను. ఆ చోటు ఏ చెరువు ఎఫ్‌టీఎల్‌లోనో (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) బఫర్‌లోనో (దాని చుట్టూ కట్టకుండా వదలాల్సిన జాగా) ఉందా అని చూస్తాను, చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా పుణ్యమా అని ఈ మాట ఇప్పుడు అందరికీ తెలిసిందే. ఆ వీధిలో కిరాణా షాపాయన్ని, ఇస్త్రీ ఆయన్ని, పక్క బిల్డింగ్ వాచ్‌మన్‌ని విడివిడిగా ఒకటే అడుగుతాను: 2020 వదిలేయండి, *మామూలు* ఏడాదిలో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి? ఏటా మోకాలిదాకా వస్తాయంటే ఇక ఏ మోడల్ అక్కర్లేదు, వదిలేయండి. ఏటా రావు, ఇరవై ఏళ్లలో ఒక్కసారే వచ్చాయంటే అప్పుడు నష్టం ఎంత అన్నది చూడాలి.

“ఫస్ట్ ఫ్లోరే కదా, మాకేంటి” అని రాశారు. మీ బెడ్‌రూం మునగకపోవచ్చు. కరెంటు ప్యానెల్, మోటార్, జనరేటర్, మీ కారు, ఇవన్నీ సెల్లార్‌లోనే కదా ఉంటాయి? 2020లో నాకు తెలిసిన ఒక అపార్ట్‌మెంట్‌లో చుక్క నీరు ఏ ఫ్లాట్‌లోకీ పోలేదు, కానీ వారం రోజులు కరెంటు లేదు, ఐదో అంతస్తు పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి మెట్ల మీదుగా దింపారు. కారు ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకోకపోతే నీళ్లు పోయిన ఇంజిన్‌కి డబ్బులు రావడం కష్టం, అది కూడా చూసుకోండి.

తొందరేం లేకపోతే అడ్వాన్స్ ఇచ్చేముందు ఒక వానాకాలం ఆగండి, గట్టి వాన పడిన రాత్రి ఒకసారి అక్కడికి వెళ్లి రండి. బిల్డర్ తొందరపెడితే, 2020 నీటి మరక గోడ మీద ఎక్కడిదాకా ఉందో చూపించమనండి. కొత్త పెయింట్ కొట్టి ఉంటే పక్క బిల్డింగ్ సెల్లార్ చూడండి, అక్కడ ఉంటుంది.